బ్రేకు మారిన వారం

చెక్క పలక మీద కుర్చీ నిలబడలేదు.

ఇసుక మూటను మనిషిలా కూర్చోబెట్టి, నడుముకు బెల్టు బిగించి, రెండు చక్రాలకూ బ్రేకులు వేసి, ఏటవాలుగా ఉన్న పలక మీద వదిలారు. కాసేపు నిలబడ్డట్టే నిలబడి, ఎవరూ తోయకుండానే కుర్చీ కిందికి జారడం మొదలుపెట్టింది. లైను సూపర్‌వైజరు మోకాలు అడ్డం పెట్టి ఆపాడు. ఆ సోమవారం పొద్దున అలా జారిన కుర్చీల్లో అది మొదటిది కాదు. అతను చేతిగుడ్డతో మెడ తుడుచుకుని గోడ మీదున్న ఎర్ర బొత్తాం నొక్కాడు. లైను ఆగింది. స్క్రూలు బిగించే మిషన్ల రొద చప్పున తగ్గేసరికి, ఎవరో మూలన పాడుకుంటున్న పాట ఒక్కటే మిగిలింది. అదీ సిగ్గుపడి ఆగిపోయింది.

"మార్పులమ్మను పిలవండి," అన్నాడతను.

మార్పులమ్మ అతని సొంత అక్క. కంపెనీకి నాలుగు దేశాల్లో నాలుగు ఫ్యాక్టరీలున్నాయి. ఒకచోట చక్రాల కుర్చీలకు బ్రేకు లీవర్లు చేస్తారు. ఇంకోచోట టైరును కరిచిపట్టే పళ్ల బ్లాకులు చేస్తారు. మిగిలిన రెండింట్లో, అంటే ఇక్కడా, సముద్రం ఒడ్డునున్న ఇంకో ఫ్యాక్టరీలోనూ, వాటిని కుర్చీలకు బిగిస్తారు. హెడ్డాఫీసువాళ్లు డ్రాయింగులో ఏది మార్చినా నాలుగుచోట్లా ఒకే రోజున మారాలి. ఇక్కడ ఆ పని ఆమెది. ఆమె మెట్లు దిగి లైను మీదికి వచ్చిందంటే ఏదో ఒకటి మారబోతోందని అర్థం. "మార్పులమ్మ వచ్చిందిరోయ్, మీ మీ బోల్టులు దాచుకోండి," అని నవ్వుకునేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

ఆ రోజు ఆమె దిగి వస్తే ఎవరూ నవ్వలేదు. ఆమె చక్రం పక్కన గొంతుక్కూర్చుని లీవరును పైకీ కిందికీ ఆడించింది. బ్లాకు టైరును తాకుతోంది కానీ కరవడం లేదు. బొటనవేలి గోరు వాటి మధ్య దూరింది.

"కొత్త లీవరుకి పాత బ్లాకు వేశాం. కొత్త బ్లాకు మందంగా ఉంటుందన్నావు కదా. ఏదీ?" అన్నాడు తమ్ముడు.

"వస్తాయన్నార్రా."

"ఎవరన్నారు?"

"అందరూ."

ఈలోగా మేనేజరు వచ్చాడు. లైను ఆగితే ఆయన గదిలో కూర్చునే మనిషి కాదు. ఏమీ అడగకుండా తయారైన కుర్చీ ఒకటి నేల మీదికి లాగి, అందులో కూర్చుని, బ్రేకులు వేసి, కాళ్లతో నేలను తన్నాడు. కుర్చీ కదల్లేదు.

"నిలబడిందా లేదా?"

"ఇక్కడ నిలబడింది సార్," అన్నాడు తమ్ముడు.

"మరి జనం ఎక్కడ కూర్చుంటారయ్యా? నేల మీదా, కొండ మీదా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. మేనేజరు లేచి పలక దగ్గరికెళ్లాడు. పలక కొనను ఎత్తిపట్టే ఇనుప స్టాండుకు వరసగా రంధ్రాలున్నాయి. వాటిలో దూర్చిన పిన్నును బట్టి పలక ఎత్తు ఉంటుంది. ఆయన వంగి, పిన్ను లాగి, పలకను కిందికి దించి, అడుగు రంధ్రంలో పిన్ను గుచ్చాడు. ఇంకొకరికి చెప్పకుండా తనే చేసుకున్నాడు. జేబురుమాలుతో వేళ్లకంటిన గ్రీజు తుడుచుకున్నాడు. ఇసుక మూట కుర్చీని మళ్లీ పలక మీద పెట్టించాడు. ఈసారి నిలబడింది.

"నడపండి లైను."

"ఇలాగైతే నేను నడపను సార్," అన్నాడు తమ్ముడు. గట్టిగా కూడా అనలేదు.

"నడపకు. లోడింగ్‌లో మనుషులు తక్కువగా ఉన్నారు. అక్కడికెళ్లు."

తమ్ముడు అక్క వైపు చూశాడు. ఆమె ఇంకా గొంతుక్కూర్చునే ఉంది, లీవరు ఆడిస్తూనే ఉంది. అతను చేతిగుడ్డను మడిచి టూల్సు పెట్టె మీద పెట్టి వెళ్లిపోయాడు. మిషన్లు మళ్లీ మొదలయ్యాక గానీ ఆమె లేవలేదు. లేచేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి.

సాయంత్రం మేనేజరు గదికి వెళ్లింది. ఏం చెప్పాలో మెట్లెక్కుతూ కూడబలుక్కుంది. ఆయన ఎదురుగా కూర్చోగానే సగం మర్చిపోయింది.

"పాత లీవర్లే వేద్దాం సార్, కొత్త బ్లాకులు వచ్చేదాకా. పాతదానికి పాతది సరిపోతుంది."

"పాత లీవర్లు ఎక్కడున్నాయి?"

మార్పు తేదీ రాగానే వాటిని తుక్కులో పడేయించింది తనే. తేదీ దాటాక పాత సామాను లైను దగ్గర ఉండకూడదన్నది రూలు.

"తేదీ ప్రకారం..."

"ఆ తేదీకి సరేనన్నది ఎవరు? పోయిన గురువారం కాల్‌లో అంతా సిద్ధం, గ్రీన్ అన్నది నీ గొంతే కదమ్మా?"

తన గొంతే. పక్కన కూర్చుని తలాడించింది మాత్రం ఈయన. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కోపంగా లేడు, అదే కష్టంగా ఉంది. "చూడమ్మా. మిగతా మూడు ఫ్యాక్టరీలూ గ్రీన్ అంటున్నాయి. మనం రెడ్ అంటే మనవల్ల నాలుగూ ఆగుతాయి. ఆ సముద్రం ఒడ్డువాళ్లు ఏడాదిగా కాచుక్కూర్చున్నారు, మన లైను ఊడబెరికి అక్కడ పెట్టుకుందామని. వాళ్లకి ఒక్క సాకు చాలు. ఆ సాకు నీ నోట్లోంచి రావాలా? కింద అంతమంది ఉన్నారు. పోనీ వాళ్ల సంగతి వదిలెయ్. నీ తమ్ముడున్నాడు."

"వాణ్ణి లోడింగ్‌కి పంపారు కదా సార్."

"లోడింగైనా ఉంది కదా ఇప్పుడు."

ఆమె తలూపి వచ్చేసింది. ఎందుకు ఊపిందో బస్సులో కూర్చున్నాక కూడా తెలియలేదు.

మర్నాడు క్యాంటీనులో తమ్ముడు కనిపించాడు. చొక్కా వెనకంతా చెమటతో తడిసి ఉంది. ఆమె పళ్లెం పట్టుకుని ఎదురుగా కూర్చోబోతే, తను తినడం అయిపోయినట్టు లేచాడు. పళ్లెంలో అన్నం అలాగే ఉంది. ఇంటికొచ్చేసరికి అమ్మ ఫోను. అమ్మ తమ్ముడి దగ్గరే ఉంటుంది.

"ఏమే, నువ్వుండి కూడా వాణ్ణి మూటలు మొయ్యడానికి తోలారటే?"

"మూటలు కాదమ్మా, కుర్చీలు."

"ఏదైతేనేం. నడుం పట్టేసి పడుకున్నాడు. ఏమైందిరా అంటే అక్కనడుగు అంటాడు. నువ్వు చెప్పవు, వాడు చెప్పడు. నేను గోడనడగనా?"

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్లింది. ఆమె భర్త లెక్కల మాస్టారు. బడి నుంచి ముందే వస్తాడు కాబట్టి సాయంత్రం వంట ఆయనది. ఉల్లిపాయలు తరుగుతూ అంతా విన్నాడు.

"చెప్పెయ్. చెప్తే ఏమవుతుంది?" అన్నాడు.

"లైను పోతుంది."

"చెప్పకపోతే?"

"ఎవరో ఒకళ్లు జారి పడతారు."

ఆయన కత్తి ఆపి కళ్లు తుడుచుకున్నాడు. ఉల్లిపాయల వల్లే. "అయితే ఈ లెక్కకి జవాబు నా దగ్గర లేదు," అని మళ్లీ తరగడం మొదలుపెట్టాడు.

హాల్లో కూతురు ఆడుకుంటోంది. చెవి దగ్గర దువ్వెన పెట్టుకుని ఏదో తీవ్రంగా మాట్లాడుతూ, ఎదురుగా కూర్చోబెట్టిన బొమ్మకేసి చూపుడువేలు ఎత్తి పట్టుకుంది.

"ఏం ఆటే అది?"

"అమ్మ ఆట. ఈ వేలు ఎత్తితే బొమ్మ మాట్లాడకూడదు. కాల్ అయిపోయేదాకా."



గురువారం సాయంత్రం నాలుగు ఫ్యాక్టరీలూ ఒకచోట చేరే కాల్. వారానికోసారి జరుగుతుంది. ఒకళ్లకి పొద్దు, ఒకళ్లకి మధ్యాహ్నం, ఇక్కడ దీపాలు పెట్టే వేళ. తెర మీద గడులు, గడికో మొహం. అందరూ తలా ఒక యాసలో, అంతంతమాత్రపు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. నడిపించేది హెడ్డాఫీసావిడ. చక్కగా నవ్వుతుంది, ఎవరినీ తొందరపెట్టదు, కానీ గ్రీన్ తప్ప ఇంకో మాట వింటే ఆ నవ్వు అలాగే మొహాన ఉండిపోతుంది.

మేనేజరు పక్కనే కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా బల్ల మీద స్పీకరు ఉంది. దాని మీది మ్యూట్ బొత్తానికి దగ్గరగా ఆయన చెయ్యి ఉంది.

"లీవర్లు?"

"గ్రీన్," అన్నాడు లీవర్ల ఫ్యాక్టరీ కుర్రాడు.

"బ్లాకులు?"

బ్లాకుల ఫ్యాక్టరీ నుంచి మాట్లాడేది మెల్లకన్ను అమ్మాయి. ఎప్పుడూ ఏదో తింటూ ఉంటుంది. ఇవాళ తినడం లేదు. "గ్రీన్," అంది.

ఆమె చివ్వున తలెత్తింది. బ్లాకులు గ్రీన్ అయితే మరి నాకు ఒక్కటీ ఎందుకు రాలేదు? పోయిన వారమూ ఈ ప్రశ్న మనసులో మెదిలింది. దారిలో ఉన్నాయేమో అనుకుని సర్దుకుంది.

"మొదటి బిగింపు ఫ్యాక్టరీ? మీ సంగతి?"

మేనేజరు ఆమెకేసి చూసి చిన్నగా తలాడించాడు, చిన్నపిల్లను స్టేజీ మీదికి పంపేటప్పుడు ఆడించినట్టు.

"రెడ్," అంది.

గొంతు కీచుగా వచ్చింది. మేనేజరు వేలు మ్యూట్ మీద పడింది. ఆమె ఆయన చేతిని పట్టుకుని పక్కకు జరిపింది. అంత పని చేస్తానని ఆమె అనుకోలేదు, ఆయనా అనుకోలేదు. ఆయన చెయ్యి బరువుగా, చల్లగా ఉంది. బొత్తాం మళ్లీ నొక్కింది.

"మాది రెడ్. కొత్త బ్లాకులు మాకు రాలేదు. పాతవి వేశాం. వాలులో కుర్చీ ఆగడం లేదు. ఆగినట్టు కనబడ్డానికి పలకను దించాం. కొన్ని కుర్చీలు బయటికి కూడా వెళ్లిపోయాయి."

తెర మీద ఎవరూ కదల్లేదు. కాల్ తెగిపోయిందేమో అనుకుంది. అప్పుడు సముద్రం ఒడ్డు ఫ్యాక్టరీ ముసలాయన దగ్గాడు. ఆయన మాట్లాడే ముందు ఎప్పుడూ దగ్గుతాడు. వెనక ఎక్కడో ఓడ కూత వినిపించింది.

"మాదీ రెడ్డే," అన్నాడు. "మేం పలక దించలేదు. పలక పరీక్షే తీసేశాం."

హెడ్డాఫీసావిడ నవ్వు అలాగే ఉంది. "బ్లాకులు గ్రీన్ అన్నారు కదా," అంది మెల్లకన్ను అమ్మాయితో.

ఆ అమ్మాయి కిందికి చూసింది. "బ్లాకులు పోసే అచ్చు పగిలిపోయింది. కొత్త అచ్చు ఇంకా రాలేదు. మొదటి వారం చెబుదామనుకున్నాను. కానీ అందరూ గ్రీన్ అన్నారు." అక్కడ ఆగి, అరచేత్తో మొహం రుద్దుకుంది. "అందరికీ ఎక్కణ్ణించి వచ్చాయో నాకర్థం కాలేదు. నేను ఒక్కటి కూడా పంపలేదు."

కాల్ ముగిసింది. మేనేజరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అద్దాలు లేకపోతే ఆయన మొహం ఎవరిదోలా ఉంది. తిడతాడని ఎదురుచూసింది.

"వాళ్లూ అబద్ధమే చెబుతున్నారా?" అన్నాడు, తనకేదో అన్యాయం జరిగినట్టు. "అయితే ఇన్నాళ్లూ వాళ్లను చూసి భయపడ్డామేంటి?"

శుక్రవారం లైను నడవలేదు. సగం మందిని ఇంటికి పొమ్మన్నారు, మళ్లీ ఎప్పుడు రమ్మంటారో చెప్పలేదు. గేటు దగ్గర గుంపుగా నిలబడ్డ ఆడవాళ్లు ఆమె వస్తుంటే మాట ఆపేశారు. "మార్పులమ్మ పుణ్యమా అని సెలవు," అంది ఒకావిడ. నవ్వలేదు. ఆ పిలుపు ఆమెకు మొదటిసారి ముల్లులా తగిలింది.

హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఆదేశాలు మేనేజరు చదివి చెప్పాడు. మార్పు నిలిపివేత. బయటికెళ్లిన కుర్చీలన్నీ వెనక్కి తేవాలి. ఈ లైను ఉంటుందా పోతుందా అన్నది తర్వాత మాట. "ఇంకోటి. నాలుగు ఫ్యాక్టరీల మార్పుకీ ఇకనుంచి ఒక్క మనిషే జవాబుదారీ అట. నిన్ను అడిగారు. పొద్దున్నే ఒకళ్లతో, సాయంత్రం ఇంకొకళ్లతో మాట్లాడుకుంటూ ఉండాలి. ఏదైనా తప్పితే నిన్నే పట్టుకుంటారు. సోమవారానికల్లా చెప్పు."

"కాదంటే?"

"ఇంకెవరినో పెడతారు. గ్రీన్ అనేవాణ్ణి."

ఇంటికెళ్లి భర్తతో చెప్పింది. ఇద్దరూ ఆలోచించాల్సినంత కూడా ఆలోచించలేదు. ఒద్దనెయ్, అన్నాడాయన. ఒద్దంటాను, అంది. అనగానే భుజాల మీంచి ఏదో దిగినట్టయింది. కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ వేస్తుంటే ఫోను మోగింది. తమ్ముడు. సోమవారం తర్వాత అదే మొదటి మాట.

"అక్కా, తుక్కు లారీ రాలేదు."

"ఏంట్రా?"

"పాత లీవర్లు. లోడింగ్ షెడ్డు వెనకాలే పడున్నాయి. వాన పడ్డా పైనున్నవే తుప్పు పట్టాయి, అడుగున బాగానే ఉన్నాయి. ఏరేదా?"

శనివారం పొద్దున్న ఇద్దరూ షెడ్డు వెనక గోనెపట్టా పరుచుకుని కూర్చున్నారు. అతను గుడ్డతో తుడిచి ఇస్తుంటే, ఆమె ఒక్కో లీవరూ వేళ్లతో ఆడించి చూసి పెట్టెలో వేసింది. కాసేపయ్యాక అతను తన టీలో సగం ఆమె గ్లాసులో పోశాడు. "నువ్వు రెడ్ అన్నావట కదా," అన్నాడు. "అన్నాన్రా." "కీచుగా అన్నావట. మేనేజరే చెప్పాడు." ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. అతను చూడనట్టు ఇంకో లీవరు తీసుకున్నాడు.

వెనక్కి తేవలసినవాటిలో దగ్గరగా ఉన్నవి వృద్ధాశ్రమంలోవి. ఆ మధ్యాహ్నమే లారీలో తమ్ముడు, డ్రైవరు, మధ్యలో ఆమె ఇరుక్కుని కూర్చున్నారు. ఆమె వెళ్లాల్సిన పని లేదు, అయినా వెళ్లింది. ఆశ్రమంవాళ్లు కుర్చీలు వరండాలో వరసగా పెట్టి ఉంచారు. ఒకటి తక్కువైంది.

"కండక్టరమ్మ ఇవ్వనంటోంది. మీరే అడగండి," అంది ఆయా.

ఆవిడ ఒకప్పుడు బస్సు కండక్టరట. మనిషి ఎండిపోయినా గొంతు బస్సు చివరిదాకా వినబడేలాగే ఉంది. వరండా చివర, గేటువైపు దిగే వాలు దగ్గర, కుర్చీలో బిగుసుక్కూర్చుంది. రెండు చేతులూ చక్రాల మీద వేసి పట్టుకుంది.

"ఇచ్చి వారం కాలేదు, అప్పుడే పట్టుకుపోతారా? ఇది రాకముందు నన్ను లేపాలంటే ఇద్దరు రావాలి. ఆ ఇద్దరూ ఎప్పుడూ దొరకరు. ఇప్పుడు సాయంత్రం గేటు దాకా నేనే వెళ్తున్నా. బస్సులు చూసుకుంటున్నా. నేను దిగను."

"బ్రేకు సరిగా లేదమ్మా," అంది ఆమె. "వాలులో జారుతుంది."

"నాకు తెలీదా?" కండక్టరమ్మ కుడి చెయ్యి తిప్పి చూపించింది. మోచేయి నల్లగా కమిలి ఉంది. "జారింది. గోడ ఆపింది."

ఆయా నోరు తెరిచింది. "మాకు చెప్పలేదే!"

"చెబితే పట్టుకుపోతారుగా."

ఆమె ఆ మోచేయిని చూస్తూ ఉండిపోయింది. వాలు మీదే మోకాళ్ల మీద కూర్చుంది.

"కుర్చీ పట్టుకుపోం. ఇక్కడే బ్రేకు మార్చేస్తాం. మా తమ్ముడు చేస్తాడు. మీరు దిగక్కర్లేదు."

తమ్ముడు లారీలోంచి స్పానర్లు, లీవర్ల పెట్టె తెచ్చాడు. ఆమె చక్రం కదలకుండా రెండు చేతులా పట్టుకుంది, అతను నట్లు వదులుచేశాడు. కొత్త లీవరు తీసి పాతది బిగించాడు. తర్వాత రెండో వైపు. కండక్టరమ్మ పైనుంచి వంగి ప్రతి నట్టూ లెక్క పెట్టినట్టు చూసింది. అయిపోయాక అతను బ్రేకులు వేసి, కుర్చీని వాలు మీదికి తెచ్చి, వెనక నిలబడి, చేతులు వదిలాడు. కుర్చీ కదల్లేదు.

"ఇదేనా కొత్తది?"

"కాదండీ, పాతదే."

"పాతదే ఇంత బాగా నిలబడుతుంటే కొత్తది ఎందుకు పెట్టారమ్మా?"

"పాతది ఏడాది పోయాక పళ్లు అరిగి జారుతుంది. అందుకే మార్చారు. కొత్తది సరిగ్గా చేస్తే జారదు."

"ఓహో." కండక్టరమ్మ బ్రేకు తీసింది, వేసింది, మళ్లీ తీసింది. "అంటే ఏడాది లోపల ఆ సరైనది తేవాలన్నమాట. ఎవరు తెస్తారు?"

కంపెనీవాళ్లు, అనబోయింది. బ్లాకుల ఫ్యాక్టరీ పగిలిన అచ్చు, ఓడ కూత, తెర మీది గడులు, చూపుడువేలు ఎత్తి పట్టుకున్న కూతురు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. నిన్న రాత్రి భర్తతో అన్న మాట కూడా. తమ్ముడు స్పానరు తుడవడం ఆపి ఆమెకేసి చూస్తున్నాడు.

"నేను తెస్తాను," అంది.

కండక్టరమ్మ ఆమెను తేరిపార చూసింది, చెల్లే నోటో కాదో చూసినట్టు.

"అయితే రైట్ రైట్," అని చక్రాలు తిప్పుకుంటూ గేటు వైపు వెళ్లిపోయింది.